ఇల్లు లేనిదే జీతం లేదు, జీతం లేనిదే ఇల్లు లేదు: కొత్త నగరానికి మారిన నా అనుభవం

కొత్త నగరంలో నా పేరు మీద బ్యాంకు ఖాతా మొదలైందన్న సమాచారం నిన్న సాయంత్రం అందింది. అద్దె ఒప్పందం అంతకు ముందే చేతికి వచ్చింది కాబట్టి ఊరు మారే పని ఇంతటితో పూర్తయినట్టే. కోపం చల్లారకముందే ఇది రాయాలని కూర్చున్నాను. ఇంకొన్నాళ్ళు ఆగితే ఆ కార్యాలయాల్లో జరిగినదంతా ఎక్కడైనా ఉండేదేలే అని నాకే అనిపించవచ్చు, అలా అనిపించడం నాకు ఇష్టం లేదు.

సామాన్లు కట్టించడం, లారీకి ఎక్కించడం, పాత ఇంటి తాళాలు అప్పగించడం గురించి చెప్పడానికేమీ లేదు. డబ్బు ఇస్తే జరిగిపోయే పనులవి.

ఉద్యోగం విషయంలో నాకు రెండు ఆఫర్లు వచ్చాయి. మొదటి కార్యాలయం నగర శివార్లలో ఉంది, జీతం ఎక్కువ. రెండోది నగరం నడిబొడ్డున ఉంది, జీతం కొంత తక్కువ. అడిగినవాళ్ళూ అడగనివాళ్ళూ మొదటిదే తీసుకోమన్నారు. నేను మాత్రం రెండు జీతాలను పక్కపక్కన పెట్టి చూడడంతో ఆగకుండా, ప్రయాణాన్ని కూడా పనిగంటల్లో కలిపి లెక్క వేశాను. శివారు కార్యాలయం చుట్టుపక్కల నివాసాలు లేవు. మనుషులు కాపురముండే ప్రాంతాల నుంచి అక్కడికి చేరడానికి ఒకవైపు గంట పడుతుంది. వారానికి ఐదు రోజులు, ఏడాదికి 48 వారాలు పనిచేస్తే ఆ ప్రయాణం 480 గంటలు అవుతుంది, అంటే ఎనిమిది గంటల పనిదినాలు 60. రెండో కార్యాలయానికి ఒకవైపు 20 నిమిషాలు, ఏడాదికి 160 గంటలు. వారానికి 40 గంటల పనికి ఈ గంటలను కలిపి చూస్తే, మొదటి జీతం రెండోదానికంటే సుమారు 15 శాతం ఎక్కువ ఉంటేనే రెండూ సమానమవుతాయి. వాళ్ళిస్తామన్న జీతంలో అంత తేడా లేదు. ఈ లెక్క చూపించాక, మొదటిదే తీసుకోమని పట్టుబట్టినవాళ్ళలో ఒక్కరూ జవాబు చెప్పలేకపోయారు.

ఈ ఆలోచనకు పరిశోధన ఆధారం కూడా ఉంది. బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టుట్జర్ అనే ఆర్థికవేత్తలు జర్మనీ కుటుంబాల సర్వే సమాచారాన్ని పరిశీలించి 2008లో ప్రచురించిన వ్యాసంలో, ఎక్కువసేపు ప్రయాణించి పనికి వెళ్ళేవారు తమ జీవితం పట్ల తక్కువ సంతృప్తితో ఉన్నారని, మెరుగైన జీతం గానీ మెరుగైన ఇల్లు గానీ ఆ నష్టాన్ని పూర్తిగా పూడ్చడం లేదని తేల్చారు. ఉద్యోగం ఒప్పుకునే ముందు ఇంకొక్క ప్రశ్న తప్పకుండా వేసుకోవాలి: ఈ ఉద్యోగం పోతే, ఇదే నైపుణ్యానికి పని ఇచ్చే మరో నాలుగు సంస్థలు ఆ నగరంలో ఉన్నాయా? ఒకే సంస్థను నమ్ముకుని నగరం మారితే, ఆ సంస్థ వద్దన్న రోజున ఇల్లు కూడా ఖాళీ చేయవలసి వస్తుంది. వారానికి కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేయవచ్చని ఎవరైనా నోటిమాటగా చెబితే, ఆ మాట నియామక పత్రంలో కనబడేదాకా దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ప్రాంతం ఎంచుకోవడానికి నేను దూరాన్ని కాక సమయాన్ని కొలబద్దగా పెట్టుకున్నాను. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాసిన వ్యాసంలో, మనుషులు కాలినడకన తిరిగిన రోజుల్లోనూ, కార్లలో తిరిగే రోజుల్లోనూ రోజు మొత్తం మీద ప్రయాణానికి సగటున సుమారు ఒక గంటే ఇస్తున్నారని చూపించాడు. వాహనాల వేగం పెరిగినకొద్దీ నగరాలు విస్తరిస్తున్నాయే తప్ప మనుషులు ఓర్చుకునే సమయం పెద్దగా పెరగడం లేదన్నది ఆయన వాదన. అందుకే కార్యాలయం నుంచి అరగంటలో చేరగలిగిన ప్రాంతాలను మాత్రమే జాబితాలో ఉంచాను. ఆ అరగంటను ఇంటి గుమ్మం నుంచి కార్యాలయం గుమ్మం దాకా, ఉదయం రద్దీవేళలోనే, స్వయంగా ప్రయాణించి కొలవాలి. బస్సు కోసం ఆగే సమయం, స్టేషను మెట్లు దిగే సమయం ప్రకటనల్లో కనిపించవు.

అలా మిగిలిన ప్రాంతాలకు పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్ళాను. రాత్రి వెళ్ళనివారికి ఆ వీధి సగమే తెలిసినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2009లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆరోగ్యం దెబ్బతినకుండా ఉండాలంటే రాత్రివేళ ఇంటి బయటి శబ్దం ఏడాది సగటున 40 డెసిబెళ్ళు దాటకూడదు. ఫోనులోని యాప్ అంత కచ్చితంగా కొలవదు గానీ, రెండు వీధులకు మధ్య తేడా తెలియడానికి అది చాలు. అమ్మ కూడా నాతో ఉండబోతోంది కాబట్టి లిఫ్టు పనిచేస్తుందా, ఫుట్‌పాత్ మీద నిజంగా నడవగలమా, ఆసుపత్రి ఎంతసేపట్లో చేరతామన్నవి చూశాను. గ్రౌండ్ ఫ్లోర్ గోడల అడుగున చెమ్మ మరకలు ఉన్నాయేమో చూడండి, వాన కురిస్తే అక్కడ నీళ్ళు నిలుస్తాయో లేదో గోడే చెబుతుంది. మందుల దుకాణంలో కూర్చున్నవారిని "ఈ ప్రాంతం మంచిదేనా అండీ?" అని అడిగితే మంచిదనే అంటారు. "ఇక్కడి నుంచి వెళ్ళిపోయేవాళ్ళు ఎందుకు వెళ్తున్నారండీ?" అని అడగండి. నాకు పనికివచ్చిన సమాచారంలో చాలా భాగం ఆ రెండో ప్రశ్నకే దొరికింది.

ఇంతవరకూ అన్నీ నా చేతిలో ఉన్న పనులే. ప్రాంతం కుదిరింది, నచ్చిన ఇల్లూ కనబడింది. నన్ను చిన్నబుచ్చిన ఘట్టం అక్కడే మొదలైంది.

ఆ భవనాన్ని ఒక నిర్వాహక సంస్థ చూసుకుంటోంది. ఇల్లు అద్దెకు కావాలంటే వాళ్ళ కార్యాలయానికి కాగితాలతో వెళ్ళాలి. అక్కడ నాలాంటివాళ్ళు ఇంకొందరు కుర్చీల్లో వరసగా కూర్చుని ఉన్నారు. బల్ల వెనక ఉన్న ఆయన నా నియామక పత్రం తీసుకుని, నన్ను దగ్గరికి పిలవకుండానే, నా జీతం అంకెను గదిలో అందరికీ వినబడేలా చదివాడు. "అద్దెకు మూడు రెట్లు జీతం ఉండాలండీ, మీకు కాస్త తగ్గుతోంది" అన్నాడు. తగ్గుతున్నది స్వల్పమని, నా దగ్గర ఏడాది అద్దెకు సరిపడా పొదుపు ఉందని, దాని స్టేట్‌మెంట్ కూడా తెచ్చానని చెప్పాను. దాన్ని తెరిచి చూడలేదు. కొత్త ఉద్యోగంలో గడచిన మూడు నెలల పేస్లిప్‌లు అడిగాడు. ఇంకా చేరని ఉద్యోగానికి పేస్లిప్‌లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగితే, "అవి లేకుండా కుదరదండీ" అన్నాడు. తరవాత అమ్మ గురించి మొదలుపెట్టాడు. ఆవిడకు ఏమైనా జబ్బులున్నాయా, మంచాన పడితే చూసుకునేవాళ్ళున్నారా, ఆవిడ పేరు మీద సొంత ఆదాయం ఉందా అని, అంతమంది ముందు, పేజీ తిప్పుతూ అడిగాడు. అద్దె నేను కడతానన్నప్పుడు అమ్మ ఆరోగ్యంతో ఆయనకు పనేమిటి? ఆ మాట గట్టిగానే అన్నాను. "మా పద్ధతి ఇది, ఇష్టమైతేనే రండి" అని కాగితాలు బల్ల మీద ఇవతలికి జరిపాడు.

ఆ మూడు రెట్ల నియమానికి దగ్గర చుట్టం ఒకటి చట్టంలో ఉంది. అమెరికాలో ప్రభుత్వ గృహాల్లో ఉండే పేదల అద్దె వారి ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో చట్టం చేశారు, 1981లో ఆ పరిమితిని 30 శాతానికి పెంచారు. అద్దెకు ఉండేవారిని కాపాడడానికి పెట్టిన హద్దు అది. దాదాపు అదే నిష్పత్తి ఈయన చేతిలో అద్దెకు వచ్చేవారిని గుమ్మంలోనే ఆపే కర్రగా మారింది. ఆదాయంలో ఇంత శాతమన్న లెక్కకు అప్పులు లేనివారికీ, అప్పుల్లో మునిగినవారికీ తేడా తెలియదు. ప్రయాణానికి ఖర్చుండదని దగ్గరలో ఇల్లు వెతుక్కున్నవారి వివేకమూ దానికి కనబడదు. నా ప్రయాణం ఖర్చు దాదాపు లేకుండా పోతున్నదని చెబితే, ఆ ఫారంలో దానికి గడి లేదన్నాడు.

ఇక్కడితో అయిపోలేదు. పేస్లిప్ రావాలంటే ఉద్యోగంలో చేరాలి. చేరాక జీతం పడాలంటే సంస్థ చెప్పిన బ్యాంకులోనే, ఈ నగరంలోని శాఖలోనే ఖాతా ఉండాలి. బ్యాంకుకు వెళ్తే గుమాస్తా ఈ నగరంలోని చిరునామాకు రుజువుగా అద్దె ఒప్పందం అడిగాడు. అద్దె ఒప్పందం కావాలంటే పేస్లిప్ కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదన్న సామెత వినడమే గాని, అందులో నేను ఇరుక్కుంటానని అనుకోలేదు. పైగా ఆ మూడు చోట్లా కూర్చున్నవారిలో ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరి దగ్గరికీ వెళ్ళమని చెప్పడంతోనే తమ బాధ్యత తీరినట్టు భావించారు. చదువుకుని, పొదుపు చేసుకుని, వేళకు అద్దె కడుతూ వచ్చిన మనిషికే ఇలా ఉంటే, రోజుకూలి మీద బతికేవారు కొత్త నగరంలో తల దాచుకోవడానికి ఎన్ని గుమ్మాలు తొక్కాలో ఊహించుకోండి. నగరాలకు పనిచేసే చేతులు కావాలి గానీ, ఆ చేతులున్న మనుషులకు ఒక చిరునామా ఇవ్వడానికి మాత్రం వెయ్యి అభ్యంతరాలు.

బ్రోకర్ల గురించి ఒక్క మాటే చెబుతాను. ఇల్లు చూపించకముందే డబ్బు అడిగినవారికి పైసా కూడా ఇవ్వకండి. ప్రకటనలో ఉన్న చక్కని ఇల్లు "ఇప్పుడే పోయిందండీ" అని, దానికి బదులు ఇంకేదో చూపించేవారి వెంట రెండోసారి వెళ్ళకండి. యజమాని ఎవరో, ఇల్లు ఆయనదేనని తెలిపే కాగితం ఏదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.

ఆ వలయం ఎలా తెగిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. కొత్త సంస్థ హెచ్చార్ విభాగంలో ఒక సీనియర్ అధికారికి విషయమంతా వివరించాను. ఆవిడ సంస్థ లెటర్‌హెడ్ మీద నా హోదా, అది శాశ్వత ఉద్యోగమన్న మాట, చేతికి వచ్చే జీతం, చేరే తేదీ, నిజానిజాలు కనుక్కోవడానికి తన నేరు ఫోను నంబరు రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. ఉత్త ఆఫర్ లెటరుకు, ఈ ఉత్తరానికి ఉన్న తేడా ఆ ఫోను నంబరే. అడిగినవారు ఫోను చేసి తెలుసుకోగలిగితే వారి భయం సగం తగ్గుతుంది. తరవాత నెలవారీ అద్దెకు ఇచ్చే ఒక గదిలో దిగాను. దిగే ముందే, నేను అక్కడ ఉంటున్నట్టు ఉత్తరం ఇస్తానని యజమానురాలి చేత రాయించుకున్నాను. మూడోది, పాత ఇంటి యజమాని ఇచ్చిన ఉత్తరం: ఇన్నేళ్ళూ అద్దె వేళకు కట్టానని, ఇల్లు శుభ్రంగా అప్పగించానని. ఆ మాటకు సాక్ష్యంగా అద్దె ప్రతి నెలా నా ఖాతా నుంచి వెళ్ళినట్టు చూపే స్టేట్‌మెంట్ జత చేశాను.

ఈ కాగితాలతో బ్యాంకుకు వెళ్ళి, కౌంటరు దగ్గర ఆగకుండా మేనేజరునే కలిశాను. నియమాల్లో ఉద్యోగమిచ్చిన సంస్థ ఉత్తరానికి చోటు ఉందని ఆయన చెప్పారు. అదే శాఖలో, అదే నియమాలు ముందు పెట్టుకుని, గుమాస్తా నన్ను వెనక్కి పంపాడు. అందుకే ఎవరైనా "కుదరదు" అంటే, కుదరదని ఎక్కడ రాసి ఉందో చూపించమని మర్యాదగా అడగండి. చూపించలేకపోతే పై అధికారి దగ్గరికి వెళ్ళండి.

ఇల్లు మాత్రం ఆ నిర్వాహక సంస్థ దగ్గర తీసుకోలేదు. రెండు వీధుల అవతల, స్వయంగా అద్దెకిచ్చే ఒక పెద్దాయన ఉత్తరాలన్నీ నిదానంగా చదివి, హెచ్చార్ అధికారికి ఫోను చేసి, ఆ సాయంత్రమే ఒప్పుకున్నారు. "మీ అమ్మగారికి మెట్లు ఇబ్బందేమో, కింది వాటా ఖాళీ అయ్యేదాకా ఆగుతారా?" అని అడిగారు. అమ్మ గురించి అక్కడా ప్రశ్న వచ్చింది, ఇక్కడా వచ్చింది. ఆగాము. సంతకానికి ముందు రెండు వాక్యాలు ఒప్పందంలో చేర్చమని కోరాను: అద్దె ఏడాది లోపు పెంచకూడదని, ఖాళీ చేయమనాలంటే ఎంత గడువు ఇవ్వాలో స్పష్టంగా ఉండాలని. తాళాలు తీసుకున్న రోజే గోడలు, కుళాయిలు, కరెంటు మీటరు అంకెలు ఫోటోలు తీసి ఆయనకూ పంపాను. అడ్వాన్సు తిరిగి వచ్చే రోజున తగాదా రాకుండా ఉండడానికి ఇంతకు మించిన పని లేదు.

నా జీతాన్ని నలుగురిలో చదివి, అమ్మ జబ్బుల గురించి ఆరా తీసిన ఆ కార్యాలయం మీద దాని పై యాజమాన్యానికి ఫిర్యాదు రాశాను. దరఖాస్తుదారుల వివరాలు విడి గదిలో మాట్లాడాలని, అద్దెకు సంబంధం లేని ప్రశ్నలు మానాలని, పొదుపును కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో కోరాను. జవాబు ఇంకా రాలేదు, వచ్చే వారం మళ్ళీ రాస్తాను.