ఆ గుర్రం ఏమైంది?

"మావయ్యా, ఇక్కడ చివర్లో పేర్లు పడుతుంటే ఒక్కరు కూడా లేవట్లేదు!"

విజయవాడ గాంధీనగర్‌లో టీ బండి దగ్గర నిలబడి ఉన్నాను. సాయంత్రం నాలుగున్నర. దక్షిణ కొరియాలో, బూసాన్‌లో ఉన్న మా మేనకోడలికి అప్పటికే రాత్రి ఎనిమిది. ఫిల్మ్ ఫెస్టివల్లో ఏదో కజకిస్థాన్ సినిమా చూసి బయటికొచ్చి వీడియో కాల్ చేసింది. వెనకాల పెద్ద పైకప్పు నిండా లైట్లు, రంగులు మారుతున్నాయి.

పాటల్లేవట, ఫైట్లు లేవట. సినిమా అయ్యాక డైరెక్టర్ వచ్చి కూర్చుంటే, ఒక పెద్దావిడ మైకు తీసుకుని "ఆ గుర్రం చివరికి ఏమైంది?" అని అడిగిందట. ఆయన కాసేపు ఆలోచించి "నాకూ తెలీదండీ" అన్నాడట. హాలంతా చప్పట్లు.

మన దగ్గరైతే విలన్ పడిపోగానే సగం హాలు పార్కింగ్‌లో ఉంటుంది. నేనూ అంతే. బండి బయటికి తీయాలి కదా!

ఆ ఫెస్టివల్ 1996లో మొదలైంది. ఆసియా కొత్త దర్శకులని వెతికి చూపించడం మొదట్నుంచీ వాళ్ల అలవాటు. ఆ ఏడాది నేను ఇదే వీధిలో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో రీళ్ల పెట్టెలు లెక్కబెట్టి బస్సెక్కించేవాణ్ణి. పెట్టె ఆలస్యమైతే ఊళ్లో జనం కుర్చీలు విరగ్గొడతారని టెన్షన్. లోపల ఏ సినిమా ఉందో పెద్దగా పట్టించుకున్నది లేదు. పేర్లు పడే చివరి ముక్క అరిగిపోతే కత్తిరించి పారేసినా అడిగినవాడు లేడు.

ఫోన్ పెట్టేసేసరికి టీ చల్లారిపోయింది. ఇంకోటి చెప్పాను. ఇంటికొచ్చాక కూడా ఆ గుర్రమే బుర్రలో తిరుగుతోంది.