కాలిపోయిన ఫైలు కోసం: ఒక జర్మన్ అధికారి సర్వీసు వెతికిన నా అనుభవం

ఫ్రైబుర్గ్‌లో ఎం.ఏ. చేస్తూ థీసిస్ కోసం పాల్ ఫాన్ లెటో-ఫోర్బెక్ సర్వీసు వివరాలు తవ్వాను. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ తూర్పు ఆఫ్రికా సేనాధిపతి ఈయన. 1914 నవంబరులో అక్కడి (నేటి టాంజానియా) టాంగా రేవులో దిగిన దాదాపు 8 వేల మంది బ్రిటిష్ ఇండియా సేనను వెయ్యి మందితో వెనక్కి పంపాడు. ఓడినవాళ్లలో పాత మద్రాసు సైన్యపు పాలంకోట పటాలం కూడా ఉంది. నాకు ఆసక్తి అక్కడే మొదలైంది.

జర్మన్ సైనిక ఆర్కైవ్ ఫ్రైబుర్గ్‌లోనే ఉంది. ఆన్‌లైన్‌లో ఫైళ్లు వెతుక్కుని, దరఖాస్తు నింపి, ముందే ఆర్డరు పెట్టుకుని వెళ్లాలి. అంతా సాఫీగానే జరిగింది, అసలు ఫైలు లేదన్న మాట తప్ప. ఆయన పనిచేసింది ప్రష్యా (నాటి జర్మనీలో పెద్ద రాజ్యం) సైన్యంలో. ఆ సైన్యపు అధికారుల వ్యక్తిగత ఫైళ్లు 1945 ఏప్రిల్‌లో, అవి దాచిన పోట్స్‌డామ్ మీద బాంబులు పడినప్పుడు చాలావరకు తగలబడిపోయాయట. హిట్లర్ కాలం అధికారులవైతే బోలెడు దొరుకుతాయి!

ఇక మిగిలింది ఏటా అచ్చయిన అధికారుల జాబితాలు. ఏ ఏడు ఏ హోదా, ఏ రెజిమెంటు అన్నది వాటిలో ఉంటుంది. పాత జర్మన్ అచ్చులో ఎస్, ఎఫ్ కవల పిల్లల్లా ఉంటాయి, అలవాటయ్యేదాకా తలనొప్పే. పైగా ఆ జాబితాలు మహా పొదుపరులు. 1904లో ఆయన జర్మన్ వలస అయిన నైరుతి ఆఫ్రికా (నేటి నమీబియా) వెళ్లాడు. హెరెరో ప్రజలను ఎడారిలోకి తరిమి చంపిన యుద్ధం అది. జాబితాలో మాత్రం ఉత్త బదిలీ.

వలసల శాఖ కాగితాలు బెర్లిన్‌లో, లిష్టర్‌ఫెల్డేలో ఉన్నాయి. అసలు టెన్షన్ అక్కడ పట్టుకుంది. పాత జర్మన్ చేతిరాత! అక్షరాల పట్టిక పక్కన పెట్టుకుని కూర్చుంటే పూట గడిచేది, పేజీ గడిచేది కాదు. కానీ మనుషులు కనబడింది ఆ కాగితాల్లోనే. ఓటమి ఎరుగని వీరుడని జర్మనీలో ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. ఆ సేన వెంట బరువులు మోసిన ఆఫ్రికన్ కూలీలు ఆకలికి, జబ్బులకు వేలల్లో చచ్చిపోయారు. నా దృష్టిలో ఆ లెక్క లేకుండా ఆయన సర్వీసు రాయడం సగం పనే.

చివరి భాగం తేలిగ్గా తేలింది. 1918 నవంబరు 25న అబెర్‌కార్న్‌లో (నేటి జాంబియా) ఆయుధాలు అప్పగించాడు. 1920లో జర్మన్ ప్రభుత్వాన్ని కూలదోయబోయిన కాప్ తిరుగుబాటు పక్షాన నిలిచి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. మీరు వెతికే అధికారి కూడా వలసల్లో పనిచేసినవాడైతే, ముందు బెర్లిన్‌కే రాయండి.