మందు కొట్టక్కర్లేని చెట్టు: మా పెరటి పెర్సిమన్

కాలిఫోర్నియాలో పెరడున్న ఇల్లు కొనుక్కున్న మనవాళ్లలో చాలామంది మొదట నాటేది మామిడి మొక్కే. శాక్రమెంటో చుట్టుపక్కల డిసెంబరు, జనవరి రాత్రుల్లో మంచు గడ్డకడుతుంది కాబట్టి అది నిలదొక్కుకోవడం కష్టం. అది పోయాక దృష్టి పీచ్, యాపిల్, చెర్రీల మీదికి మళ్లుతుంది. మేం ఫోల్సమ్‌లో ఇల్లు తీసుకునేటప్పటికే వెనక పెరట్లో ఒక పీచ్ చెట్టు, ఒక యాపిల్ చెట్టు ఉన్నాయి. పండ్లున్న ఇల్లు దొరికిందని ఎంత సంతోషపడ్డామో చెప్పలేను.

పీచ్ పెంచడమంటే ఏమిటో తర్వాత తెలిసింది. వసంతం రాగానే కొత్త ఆకులు ఎర్రగా ఉబ్బి ముడుచుకుపోయాయి. టాఫ్రినా అనే శిలీంధ్రం వల్ల వచ్చే ఆకుముడత అది. ఆకు ముడుచుకున్నాక ఏ మందు కొట్టినా లాభం ఉండదు. చెట్టు మోడుగా ఉన్నప్పుడే, ఆకులు రాలిపోయిన నవంబరు చివర్లో ఒకసారి, మొగ్గలు ఉబ్బకముందు మరోసారి రాగి మందు కొట్టాలి. అదీ వాన లేని రోజు చూసుకుని. వాన లేని శనివారం దొరికితే పిల్లల క్లాసులుంటాయి, క్లాసులు లేకపోతే వాన ఉంటుంది. మందు పని అయ్యాక పిందెలు తీసే పని. రెండు పిందెల మధ్య అర అడుగు ఖాళీ ఉండేలా మిగతావి గిల్లేయకపోతే కాయలు పెరగవు, కొమ్మలు విరుగుతాయి. పైగా ప్రతి శీతాకాలం గట్టి కత్తిరింపు. ఇక యాపిల్‌లో కాడ్లింగ్ మాత్ పురుగు చేరుతుంది. మందు వద్దనుకుంటే ఒక్కో కాయకి ఒక్కో సంచి తొడగాలి. ఇద్దరం ఉద్యోగాలు చేసే ఇంట్లో ఇది జరిగే పని కాదు.

మా ఊరి వారాంతపు సంతలో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మాస్టర్ గార్డెనర్లు ఒక బల్ల వేసుకుని కూర్చుంటారు. శిక్షణ పొందిన వాలంటీర్లు, ఏ ప్రశ్న అడిగినా ఓపిగ్గా చెబుతారు. "మందు కొట్టకుండా, పెద్ద శ్రమ లేకుండా పండే చెట్టేది?" అని అడిగాను. అంజీర, దానిమ్మ, పెర్సిమన్ (టమాటాలా కనిపించే నారింజ రంగు పండు) అన్నారు. అంజీర మాకు పెద్దగా నచ్చదు. దానిమ్మ కుండీలో ఉంది. అలా పెర్సిమన్ దగ్గర ఆగాం.

చదివినకొద్దీ దీని మీద ఇష్టం పెరిగింది. మొగ్గలు సరిగ్గా విచ్చి కాపు పట్టడానికి చెట్టుకి శీతాకాలపు చలి చాలా పీచ్ రకాలకి కావలసినంత అక్కర్లేదు, సుమారు 100 నుంచి 200 గంటలు చాలు. జపాన్ రకాలు చాలావరకు పరాగ సంపర్కం లేకుండానే కాస్తాయి. అంటే ఒక్క చెట్టు సరిపోతుంది, పండులో గింజలూ ఉండవు. ఆకులు ఆలస్యంగా వస్తాయి కాబట్టి వసంతంలో చివరగా పడే మంచు దాదాపుగా తగలదు. పండ్లు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి, అప్పటికి పెరట్లో మిగతా పండ్లన్నీ అయిపోయి ఉంటాయి.

కొనేముందు తెలుసుకోవలసింది ఒకటే ముఖ్యం: వగరు పోయే తీరు. ఫుయు రకం బల్లపరుపుగా, చిన్న టమాటాలా ఉంటుంది. గట్టిగా ఉండగానే కోసుకుని తినొచ్చు. హచియా రకం కింద మొనదేలి పొడుగ్గా ఉంటుంది. అది పూర్తిగా మెత్తబడేదాకా నోట్లో పెట్టలేం, నాలుక పట్టేస్తుంది. ఆ వగరుకి కారణం టానిన్లు. పచ్చి హచియాని పరగడుపున ఎక్కువగా తింటే ఆ టానిన్లు కడుపులోని ఆమ్లంతో కలిసి గడ్డకట్టే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి పిల్లలున్న ఇంట్లో ఈ తేడా అందరికీ చెప్పి ఉంచాలి. మేం ఫుయు తీసుకున్నాం. ఇక్కడి నర్సరీల్లో ఫుయు పేరుతో అమ్మేవాటిలో చాలావరకు జిరో అనే రకం. పండు కొంచెం నాలుగు పలకలుగా కనిపిస్తుంది. రుచికి ఏ లోటూ లేదు.

జనవరిలో మట్టి లేకుండా వేళ్లతో అమ్మే మొక్కలు వస్తాయి. కుండీ మొక్క కంటే చవక. కవర్ విప్పగానే మా ఆయన "ఇది ఎండిపోయింది, వాపసు ఇచ్చేద్దాం" అన్నారు. వేళ్లు బొగ్గులా నల్లగా ఉన్నాయి. పెర్సిమన్ వేళ్ల రంగే అది. లోపల తడిగా, బలంగా ఉంటే చాలు. వేళ్లు పట్టేంత గొయ్యి తీసి, అంటు కట్టిన చోటు నేలకి పైన ఉండేలా నాటాం. గోతిలో ఎరువు వేయలేదు. పైభాగాన్ని నడుము ఎత్తు కంటే కిందికి కత్తిరించాం, కొమ్మలు కింది నుంచి రావాలని. ఇక్కడి వేసవి ఎండకి లేత కాండం మాడకుండా తెల్లటి లాటెక్స్ పెయింట్‌లో సమానంగా నీళ్లు కలిపి పూశాం. చుట్టూ చెక్కపొట్టు పరిచి, కాండానికి మాత్రం తగలకుండా జరిపాం. పనంతా ఒక్క పూటలో అయిపోయింది.

ఆ తర్వాత ఎదురుచూపు. పక్కింటి చెట్లన్నీ పూసి, ఆకులేసి, పచ్చగా నిలబడ్డాక కూడా మాది పుల్లలాగే ఉంది. ఈ చెట్టు స్వభావమే అది, అందరికంటే వెనక లేస్తుంది. గోటితో బెరడు కొద్దిగా గీకితే లోపల పచ్చగా ఉంటే బతికే ఉన్నట్టు. ఆకులు వచ్చాక మాత్రం ఎంత అందంగా ఉంటాయంటే, కాపు లేకపోయినా ఆకుల కోసమే పెంచుకోవచ్చు. మందంగా, నూనె రాసినట్టు మెరుస్తూ, శరదృతువులో నారింజ, ఎరుపు రంగుల్లోకి తిరుగుతాయి.

అంటు మొక్క కాపుకి రావడానికి మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. మొదటిసారి పిందెలు పట్టినప్పుడు ఇంట్లో పండగే. జూన్ వచ్చేసరికి అవి ఒక్కొక్కటీ రాలడం మొదలైంది. రోజూ పొద్దున్నే చెట్టు కింద ఆకుపచ్చటి పిందెలు చూస్తుంటే చాలా టెన్షన్ పడ్డాను. మళ్లీ ఆ బల్ల దగ్గరికే వెళ్లాను. చిన్న చెట్లు పిందెలు రాల్చుకోవడం మామూలేనని, నత్రజని ఎరువు ఎక్కువైనా, నీళ్లు ఒకరోజు ఎక్కువ ఒకరోజు తక్కువ పడినా రాలడం పెరుగుతుందని చెప్పారు. చెట్టు పక్కనే ఉన్న లాన్‌కి వేసే ఎరువు దీని వేళ్లకీ అందుతుందన్న సంగతి అప్పుడే తెలిసింది. ఆ వైపు లాన్‌కి ఎరువు ఆపేశాం. డ్రిప్‌ని లోతుగా, క్రమం తప్పకుండా పారేలా పెట్టాం. చెట్టు పెద్దదవుతున్నకొద్దీ రాలడం తగ్గింది.

ఇన్నేళ్లలో దీనికి మందు కొట్టాల్సిన అవసరం రాలేదు. చీమలు పైకి పాకితే వాటి వెంట పిండినల్లి, పొలుసు పురుగు చేరతాయి. కాండానికి కాగితం పట్టీ చుట్టి దాని మీద జిగురు రాస్తే చీమలు ఆగుతాయి. వేరు దగ్గర నుంచి వచ్చే పిలకలు తీసేయాలి, అవి అంటు కట్టిన కింది వేరు మొక్కవి. కత్తిరింపులో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలి: పూత వచ్చేది పోయినేడాది కొమ్మల చివరి మొగ్గల నుంచి పుట్టే కొత్త చిగుళ్ల మీద. అన్ని కొమ్మల కొసలూ సమానంగా కత్తిరిస్తే ఆ ఏడు కాపు పోయినట్టే. అడ్డదిడ్డంగా ఉన్న కొమ్మల్ని మొదలంటా తీసి, మిగతావి వదిలేస్తే చాలు. కొమ్మలు పెళుసు, కాపు బరువుకి విరుగుతాయి కాబట్టి కర్ర ఊతం పెట్టాలి. ఉడతలతో మాత్రం కొంత పంచుకోక తప్పదు.

కోసేటప్పుడు లాగకూడదు. కత్తెరతో, తొడిమ రేకులు పండుకే ఉండేలా కత్తిరించాలి. ఫుయుని మామూలు ఫ్రిజ్‌లో పెడితే బయటకంటే త్వరగా మెత్తబడి జావలా అవుతుంది. గట్టిగా ఉండగా తినాలంటే వంటింటి గట్టు మీదే ఉంచడం మంచిది.

ఒక ఏడు కాపు సమయానికి అమ్మ ఇల్లందు నుంచి వచ్చి ఉంది. పండు చేతిలోకి తీసుకుని, తొడిమ దగ్గరి గట్టి రేకులు తిప్పి తిప్పి చూసింది. ఒక ముక్క తిని "ఇది మన తునికి పండు లెక్కనే ఉందే! చిన్నప్పుడు ఎండాకాలం అడవికి పోయి తెచ్చుకునేటోళ్లం" అంది. నిజమే, రెండూ ఒకే ప్రజాతి చెట్లు. బీడీలు చుట్టే ఆకు ఇచ్చే తునికి డయోస్పైరోస్ మెలనోజైలాన్ అయితే, ఇది డయోస్పైరోస్ కాకి. పచ్చి తునికికాయ వగరు తెలిసినవాళ్లకి హచియా సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అమ్మ ఫుయు ముక్కల మీద ఉప్పు, కారం చల్లి పెట్టింది. మా ఇంట్లో ఇప్పుడు అలాగే తింటున్నాం.

హచియా మా వీధిలో ఒక జపనీస్ అమెరికన్ కుటుంబం పెంచుతోంది. పక్కనే ఉన్న ప్లేసర్ కౌంటీలో జపనీస్ కుటుంబాలు తరతరాలుగా హోషిగాకి అనే ఎండు పెర్సిమన్ చేస్తున్నాయి. ఆ ఇంటి పెద్దావిడ నాకు దగ్గరుండి నేర్పించారు. గట్టి హచియాల తొక్క తీసి, తొడిమకి దారం కట్టి గాలి తగిలేచోట వేలాడదీస్తారు. పైన పొర కట్టాక, కొన్ని రోజులకోసారి వేళ్లతో నెమ్మదిగా నొక్కుతూ ఉంటారు. నాలుగు నుంచి ఆరు వారాల్లో లోపలి చక్కెర తెల్లటి పొడిలా పైకి వస్తుంది. వగరు ఆనవాలు కూడా ఉండదు. అంత ఓపిక లేకపోతే, హచియాలని అరటిపండుతో కలిపి సంచిలో పెడితే మాగుతాయి.

వేరే రాష్ట్రాల్లో ఉన్న స్నేహితులు అడుగుతుంటారు కాబట్టి ఇదీ చెబుతున్నాను. టెక్సాస్‌లో యురేకా అనే వగరు రకం బాగా కాస్తుందని పేరు, అక్కడ అమెరికన్ పెర్సిమన్ వేరు మీద కట్టిన అంటు అడిగి తీసుకోవాలి. చికాగో లాంటి గడ్డకట్టే చలికి జపాన్ రకాలు తట్టుకోవు. అక్కడ అమెరికన్ పెర్సిమనే దిక్కు. దాని పండు చిన్నది, పూర్తిగా మాగాకే తినాలి, చాలావరకు ఆడ చెట్టు, మగ చెట్టు వేరువేరుగా ఉంటాయి. మొక్క కొనేముందు, ఒక్క చెట్టే కాస్తుందా, మగ చెట్టు కూడా కావాలా అని నర్సరీవాళ్లని గట్టిగా అడగండి.