కొత్త ఇంట్లో వంటగ్యాసును సురక్షితంగా అమర్చుకున్న తీరు: నా అనుభవం

కరీంనగర్ నుంచి హైదరాబాదులోని మల్కాజ్‌గిరికి, ఒక పాత అపార్ట్‌మెంటులోని అద్దె ఫ్లాటుకు మారినప్పుడు, మిగిలిన సామాన్లన్నిటి కన్నా ఎక్కువ శ్రద్ధ నేను వంటగ్యాసు మీద పెట్టాను. మాతో ఉండే మా అత్తయ్యకు కొంతకాలంగా వాసన సరిగ్గా తెలియడం లేదు. నేను, మా వారు ఉద్యోగాలకు వెళ్లిపోతే పగలంతా ఇంట్లో ఉండేదీ, పొయ్యి వెలిగించేదీ ఆవిడే. వంటగ్యాసుకు స్వతహాగా వాసన ఉండదు; లీకైతే తెలియాలని ఇథైల్ మెర్‌క్యాప్టన్ అనే ఘాటైన పదార్థాన్ని అందులో కలుపుతారు. ఆ వాసనను పసిగట్టలేని మనిషి వంట చేసే ఇంట్లో, లీకు మొదలయ్యాక చూసుకుందాంలే అనుకోవడానికి వీలు లేదు. సిలిండర్ మొదలుకొని మంట దాకా గ్యాసు ప్రయాణించే ప్రతి చోటునూ ముందే సరిచూడాలని నిశ్చయించుకున్నాను.

కనెక్షన్ బదిలీలో పెద్ద ఇబ్బంది ఏమీ ఎదురు కాలేదు. వేరే ఊరికి వెళ్లేటప్పుడు సిలిండర్లను, రెగ్యులేటర్‌ను పాత ఏజెన్సీలోనే అప్పగించి, డిపాజిట్ వెనక్కు తీసుకొని, వారిచ్చే బదిలీ వోచర్‌ను కొత్త ఏజెన్సీలో చూపించి, అప్పటి ధర ప్రకారం మళ్లీ డిపాజిట్ కట్టాలి. పొయ్యి మాత్రం మనది కాబట్టి మనతోనే వస్తుంది. రెగ్యులేటర్ కంపెనీ ఆస్తి అనీ, అది మనకు వాడుకోవడానికి ఇచ్చిన వస్తువు మాత్రమే అనీ చాలామందికి తెలియదు. అందువల్ల అది పాడైతే ఏజెన్సీకి తీసుకెళ్లి మార్పించుకోవాలే తప్ప బజారులో దొరికేదాన్ని కొని బిగించుకోకూడదు.

అసలు సమస్య వంటగదిలో ఎదురైంది. ఫ్లాటు యజమాని అంతకు కొద్దికాలం ముందే వంటగట్టు కింద చెక్క అరలు చేయించారు. సిలిండర్ ఉండవలసిన అరకు గట్టి తలుపు బిగించి, గ్రానైట్ పలకకు రంధ్రం చేసి, అందులోంచి గొట్టాన్ని పైకి తీసేలా ఏర్పాటు చేశారు. చూడడానికి చాలా అందంగా ఉంది. కానీ సిలిండర్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ రెండూ గాలి కంటే బరువైనవి. లీకైనప్పుడు అవి పైకి పోకుండా, నీరు పల్లానికి పారినట్లు నేల వెంట పాకి, దిగువన ఎక్కడ తావు దొరికితే అక్కడ నిలుస్తాయి. గాలిలో ఈ గ్యాసు దాదాపు రెండు శాతానికి చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకే అంటుకుంటుంది. ద్రవరూపంలో ఉన్నది వాయువుగా మారేటప్పుడు సుమారు 250 రెట్లు పెరుగుతుంది కనుక, మూసి ఉన్న అరలో అది ఆ స్థాయికి చేరడానికి పెద్ద లీకే అవసరం లేదు. పైగా గ్రానైట్ రంధ్రంలో దాగిన గొట్టం భాగాన్ని ఎవరూ చూడలేరు. పలక అంచుకు రాసుకొని అది ఎక్కడ కోసుకుపోయినా బయటికి తెలియదు.

యజమానితో మాట్లాడినప్పుడు ఆయన మొదట ఒప్పుకోలేదు. ఈ వీధిలో అందరి ఇళ్లలోనూ ఇలాగే ఉంది కదమ్మా అన్నారు. ఆ మాట నిజమే. ఈ నగరంలో కొత్త వంటగదులు చాలా వరకు ఇలాగే కడుతున్నారు, కొలతలు తీసుకునేటప్పుడు సిలిండర్ గురించి అడిగేవారే కనిపించరు. నేను వాదించకుండా ఏజెన్సీలో తనిఖీకి దరఖాస్తు పెట్టాను. వంటగ్యాసు కనెక్షన్ ఉన్న ప్రతి ఇంటికీ ఐదేళ్లకు ఒకసారి ఇలాంటి తప్పనిసరి తనిఖీ జరగాలి. మెకానిక్ వచ్చే వేళకు యజమానిని కూడా పిలిచాను. సిలిండర్‌ను ఇలా మూసిన అరలో పెట్టకూడదని అదే పని చేసే మనిషి నోట విన్న తరువాత, ఆయన తలుపు తీసివేయడానికి అంగీకరించారు. ఇప్పుడు ఆ అర ముందు భాగం పూర్తిగా తెరిచి ఉంటుంది, గ్రానైట్ రంధ్రాన్ని సిమెంటుతో పూడ్చేశారు, గొట్టం గట్టు ముందు వైపు నుంచి అందరికీ కనబడేలా పైకి వస్తుంది. అందం కొంత తగ్గిన మాట వాస్తవమే కానీ నాకు దాని గురించి ఏ చింతా లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మెకానిక్ రావడానికి ముందే ఒక మధ్యాహ్నం ఇద్దరు వ్యక్తులు తలుపు తట్టి, తాము గ్యాసు కంపెనీ నుంచి వచ్చామనీ, గొట్టం వెంటనే మార్చకపోతే కనెక్షన్ ఆపేస్తారనీ మా అత్తయ్యను భయపెట్టబోయారు. ఆవిడ గుర్తింపు కార్డు చూపించమని అడిగి, తలుపు గొలుసు తీయకుండానే నాకు ఫోన్ చేశారు. నేను ఏజెన్సీకి ఫోన్ చేసి అడిగితే తాము ఎవరినీ పంపలేదని చెప్పారు. పగటి పూట పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇళ్లకు ఇలాంటివారు వస్తూనే ఉంటారు కనుక, మన బ్లూ బుక్ (గ్యాసు కనెక్షన్ పుస్తకం) మీద ఉన్న ఏజెన్సీ నంబరును పెద్దవాళ్లకు అందే చోట రాసి పెట్టడం మంచిది.

గొట్టం విషయం కాస్త వివరంగానే చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో అందరి కళ్లెదుటే ఉండి ఎవరూ పట్టించుకోని వస్తువు అదే. మేము వాడేది నారింజ రంగు సురక్షా గొట్టం. లోపల రబ్బరు పొర, మధ్యలో ఉక్కు తీగల అల్లిక, పైన మరో రబ్బరు పొర ఉంటాయి. ఎలుకలు తిరిగే పాత అపార్ట్‌మెంట్లలో ఆ తీగల అల్లిక ఎంత అవసరమో వేరే చెప్పనక్కర లేదు. మామూలు ఆకుపచ్చ రబ్బరు గొట్టాన్ని ఎలుక కొరికితే అడ్డుకునేది ఏమీ ఉండదు. గొట్టం మీదే ఐ.ఎస్.ఐ. గుర్తు, తయారైన నెల, సంవత్సరం అచ్చు వేసి ఉంటాయి. ఐదేళ్లు దాటితే పైకి ఎంత బాగున్నా మార్చాలి, ఈలోపే పగుళ్లు కనిపిస్తే అప్పుడే మార్చాలి. పొడవు మీటరున్నరకు మించకూడదు, బర్నర్ వేడి తగిలేలా పొయ్యి కింద నుంచి పోకూడదు, మధ్యలో అతుకు వేసి రెండో పొయ్యికి మళ్లించకూడదు. మురికి పడుతుందని కొందరు దానికి గుడ్డ తొడుగు కుట్టిస్తారు. ఆ తొడుగు వల్ల పగుళ్లు కనబడకుండా పోతాయి కనుక ఆ పని అసలు చేయకూడదు. మా మెకానిక్ కొత్త గొట్టం బిగించి, రెండు చివరలా సబ్బు నురగ రాసి, బుడగలు రావడం లేదని మా అత్తయ్యకే చూపించారు. లీకు ఉందో లేదో అగ్గిపుల్ల గీసి చూసే అలవాటు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో ఉంది. అంతకంటే ప్రమాదకరమైన పని మరొకటి ఉండదు.

సిలిండర్ తీసుకునే పద్ధతి కూడా మార్చుకున్నాము. డెలివరీ అబ్బాయి గుమ్మం దగ్గర పెట్టి వెళ్లిపోకుండా, సీలు ఉన్నదో లేదో చూసి, తూకం వేయించుకొని, వాల్వు దగ్గర లీకు పరీక్ష చేయించుకుంటాము. ఇంటి సిలిండర్‌లో గ్యాసు 14.2 కిలోలు ఉండాలి. ఖాళీ సిలిండర్ బరువు దాని మీదే రాసి ఉంటుంది కాబట్టి ఆ రెండూ కలిపితే వచ్చే బరువు తూకంలో కనిపించాలి. వాల్వు లోపల ఒక చిన్న నల్లటి రబ్బరు రింగు ఉంటుంది. అది తెగినా, లేకపోయినా రెగ్యులేటర్ ఎంత సరిగ్గా కూర్చున్నా గ్యాసు బయటికి వస్తుంది. సిలిండర్ పై భాగంలోని పట్టీ మీద ఒక అక్షరం, దాని పక్కన సంవత్సరం అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. ఆ గడువు తరువాత గ్యాసు పాడైపోతుందని ఫోన్లలో సందేశాలు తిరుగుతుంటాయి కానీ, అది సిలిండర్ లోహానికి తిరిగి పరీక్ష జరగవలసిన గడువు మాత్రమే. గడువు దాటిన సిలిండర్ వస్తే తీసుకోకుండా వెనక్కు పంపే హక్కు మనకు ఉంది, దాన్ని వాడుకోవడానికి మొహమాటపడనక్కర లేదు.

మా పొయ్యి మూడు బర్నర్ల గాజు పలక పొయ్యి. ఇల్లు మారిన తరువాత ఎడమ వైపు బర్నర్ మంట పసుపుగా వచ్చి గిన్నెల అడుగున మసి పట్టడం మొదలైంది. మంట నీలంగా, నిలకడగా ఉంటే గ్యాసు పూర్తిగా మండుతున్నట్లు. పసుపుగా ఎగసిపడుతూ ఉంటే గాలి చాలక సగం మాత్రమే మండుతున్నట్లు. అలా సగం మండినప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ఏ వాసనా లేని విషవాయువు కాబట్టి, మసిని కేవలం గిన్నెలు తోముకునే బాధగా చూడకూడదు. బర్నర్ మూతలను వేడి నీటిలో చింతపండుతో నానబెట్టి, తోమి, పూర్తిగా ఆరిన తరువాతే తిరిగి పెట్టాను. తడి ఉన్నా, మూత కొంచెం వంకరగా కూర్చున్నా మంట ఒక పక్కకు లేస్తుంది. అయినా పసుపు పూర్తిగా పోకపోవడంతో మెకానిక్‌ను మళ్లీ పిలిపించాను. పొంగిన గంజి లోపలికి దిగి, గాలి, గ్యాసు కలిసే గొట్టంలో ఎండిపోయిందని ఆయన తేల్చి శుభ్రం చేశారు. బర్నర్‌లోకి గ్యాసును సన్నగా వదిలే జెట్టు రంధ్రాన్ని మాత్రం పిన్నుతో గానీ సూదితో గానీ పొడవవద్దని గట్టిగా చెప్పారు. ఆ రంధ్రం కొలత ప్రకారం చేసినది. కాస్త పెద్దదైనా గ్యాసు ఎక్కువగా వచ్చి, ఏ మంటను సరిచేయాలనుకున్నామో అదే మంట మరింత పసుపుగా మారుతుంది. మంట బాగా రావాలంటే జెట్టు పెద్దది చేయించుకోమని సలహా ఇచ్చే రిపేరు దుకాణాల మాట వినకూడదన్నది నా దృఢమైన అభిప్రాయం.

గాజు పలకకు వేరే మర్యాద కావాలి. సంక్రాంతికి మా అత్తయ్య సకినాలు వేయించే వెడల్పాటి కడాయి రెండు బర్నర్ల మీదకు పరుచుకుంటుంది. అంత పెద్ద పాత్ర కింద వేడి పైకి పోలేక పలక మీదకే తిరిగి కొడుతుంది, వేడెక్కిన గాజు మీద చల్లటి నీళ్లు పడినా, తడిగుడ్డ తగిలినా అది ఒక్కసారిగా ముక్కలయ్యే ప్రమాదం ఉంది. అందుకని పండుగ వంటలకు విడిగా ఒక స్టీలు పొయ్యి కొన్నాము. రెండు పొయ్యిలను ఒకేసారి వాడము. సకినాల రోజున మెకానిక్ చూపిన పద్ధతిలో గొట్టాన్ని దీనికి మార్చి, సబ్బు నురగతో సరిచూసుకొని, తరువాతే వెలిగిస్తాము.

రోజువారీ క్రమాన్ని మా అత్తయ్యే నిర్ణయించారు. వంట ముగియగానే ముందు రెగ్యులేటర్ మీట ఆపి, గొట్టంలో మిగిలిన గ్యాసుతో మంట దానంతట అదే ఆరిన తరువాత పొయ్యి నాబ్ తిప్పుతారు. ఊరికి వెళ్లేటప్పుడు రెగ్యులేటర్ తీసి, దారంతో వేలాడే ప్లాస్టిక్ మూతను వాల్వుకు బిగిస్తాము. వాసన తెలియని లోటును తీర్చడానికి, సిలిండర్‌కు దగ్గరలో, నేలకు జానెడు ఎత్తున గ్యాసు లీకును గుర్తించి మోగే పరికరాన్ని పెట్టించాము. అది మోగితే ఏమి చేయాలో ఆవిడతో అనేకసార్లు చేయించి చూశాము: మంట ఉంటే ఆర్పి, రెగ్యులేటర్ ఆపి, కిటికీలు, తలుపులు తెరిచి, ఏ స్విచ్చునూ వేయకుండా, తీయకుండా, ఎగ్జాస్ట్ ఫ్యాను జోలికి కూడా పోకుండా బయటికి వచ్చి, మెట్ల దగ్గరికి చేరిన తరువాతే 1906 నంబరుకు ఫోన్ చేయాలి. వంటగ్యాసు లీకులకు సంబంధించిన ఈ అత్యవసర నంబరు ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. స్విచ్చు ఆపడంలో కూడా నిప్పురవ్వ పుడుతుందన్న సంగతి ఆవిడకు ఆశ్చర్యం కలిగించింది, అందుకే బాగా గుర్తుండిపోయింది.

ఇప్పుడు మా అపార్ట్‌మెంటులో పైపు గ్యాసు తీసుకోవాలా వద్దా అన్న చర్చ నడుస్తున్నది. నగరంలో దానిని సరఫరా చేసేది గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి 2003లో స్థాపించిన భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్. నేను తీసుకోవాలన్న పక్షానే ఉన్నాను. ఇంట్లో సిలిండర్ నిలువ ఉండదు, మెట్ల మీద దొర్లించుకుంటూ తెచ్చే బాధ తప్పుతుంది. అయితే అది ప్రధానంగా మీథేన్, తక్కువ ఒత్తిడితో వస్తుంది కాబట్టి ఇప్పటి జెట్లతో ఈ పొయ్యి పనికిరాదు. కంపెనీ మనిషి వచ్చి జెట్లు మార్చిన తరువాతే వెలిగించాలి. మీథేన్ గాలి కంటే తేలిక, లీకైతే పైకప్పు దగ్గర చేరుతుంది. అందుచేత కనెక్షన్ వచ్చిన రోజునే, పైపు గ్యాసుకు తగిన పరికరాన్ని కొని, నేల దగ్గర కాకుండా పైకప్పుకు దగ్గరగా బిగించాలని మా వారికి ఇప్పటికే చెప్పి ఉంచాను.