మా వెంట తెచ్చుకున్న సంచి
మిర్యాలగూడ నుంచి నల్లగొండకు ఇల్లు మారి నేటికి వారమైంది. గతసారి పాలు పొంగించిన రోజే సామానంతా విప్పేయాలని పట్టుబట్టి అందరం అలసిపోయాం. రాత్రి 11 గంటలకు అమ్మ బీపీ మాత్రల కోసం అట్టపెట్టెలన్నీ తిరగేసిన ఆ కంగారు నాకింకా గుర్తుంది. అందుకే ఈసారి మందులు, దుప్పట్లు, గ్యాస్ లైటర్, టీపొడి, చక్కెర, కత్తెర ఒకే సంచిలో పెట్టి, దాన్ని లారీ ఎక్కించకుండా మా వెంటే తెచ్చుకున్నాం. ఏ పెట్టె ఏ గదిదో మూతమీద కాక పక్కన రాయడం వల్ల, ఒకదానిపై ఒకటి పేర్చినా చదవడానికి వీలైంది. ముందు వంటిల్లు, ఆ తర్వాత పడకలు సర్దుకున్నాం. ఉసిరికాయ తొక్కు జాడీ దారి పొడవునా అమ్మ ఒడిలోనే వచ్చింది. మూతికి కట్టిన పాత చీర పేలికకు నూనె చుక్కైనా అంటలేదు. పుస్తకాల పెట్టెలు నాలుగు ఇంకా గోడవారనే ఉన్నాయి, వాటిని సంక్రాంతి సెలవుల్లో విప్పుతాం.