చుక్క ఆరకముందే

ఆదివారం. మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయి గానీ, అవి గాలిలో ఉన్న దుమ్మునంతా తెచ్చి కారు మీద పోశాయి. బానెట్ అంతా మట్టి మచ్చలు. రేపు తెల్లారగట్ల నాన్నను తీసుకుని వరంగల్‌లో చెల్లి వాళ్లింటికి వెళ్లాలి. అందుకని ఏడు కాకముందే బకెట్లు, గుడ్డలు పట్టుకుని సెల్లార్‌లోకి దిగాను. చొక్కా చేతులు మడుచుకుంటూ నాన్న కూడా వెనకే వచ్చాడు.

కడగడం పెద్ద పనేం కాదు. అసలు పని ఆ తర్వాతే. నల్ల కారు ఉన్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. తడిగా ఉన్నంతసేపు కళకళలాడుతుంది, ఆరాక తెల్లటి చుక్కలు, తలుపుల మీద కారిన చారలు తేలతాయి. సబ్బు సరిగ్గా పోలేదేమో అనుకుని చాలామంది మళ్లీ అవే నీళ్లు పోస్తారు. చారలు ఇంకా పెరుగుతాయి. ఆ తెలుపంతా నీళ్ల నుంచే వచ్చింది మరి.

మా అపార్ట్‌మెంట్‌లో వాడకానికి బోరు నీళ్లే. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్. ఆ రాతి పగుళ్లలో నిలిచిన నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు కరిగి ఉంటాయి. గీజర్ కాయిల్ మీద, కుళాయి మూతి దగ్గర పేరుకునే తెల్ల పొర అదే. మా బోరు నీళ్లలో టీడీఎస్ మీటర్, అంటే కరిగిన లవణాలెన్నో చూపే మీటర్, పెడితే 900 చూపిస్తుంది. తాగే నీళ్లకు మన భారతీయ ప్రమాణం 500 లోపు ఉండాలంటుంది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటుంది. 900 అంటే లీటరులో సుమారు 900 మిల్లీగ్రాముల లవణాలు. కడిగాక కారు మీద అర లీటరు నీళ్లు నిలిచాయనుకుంటే, నీరు ఆవిరైపోతుంది గానీ ఆ నాలుగైదు వందల మిల్లీగ్రాములు ఎక్కడికీ పోవు. పైగా చుక్క అంచు దగ్గర ముందు ఆరుతుంది. లోపలి నీరు అంచు వైపు జరుగుతూ లవణాన్ని కూడా అక్కడికే చేరుస్తుంది. మచ్చ నడుమ పలచగా ఉండి చుట్టూ వలయం కనిపించేది అందుకే.

"మా కాలవ నీళ్లకి ఈ గొడవే లేదురా. ట్రాక్టరు కడిగి గట్టు మీద వదిలేసేవాళ్లం" అన్నాడు నాన్న. నిజమే, కోనసీమలో గోదావరి కాలవ నీళ్లతో సబ్బు కూడా ఇట్టే నురగ వస్తుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. చుక్క తనంతట తాను ఆరేలోపే మనం దాన్ని తీసేయాలి. నాకు తెలిసిన కిటుకు ఇదొక్కటే, మిగతావన్నీ దీనికోసం చేసేవే.

ఎండలో కడగను. నీడలోనైనా, రాత్రంతా ఆగి చల్లబడిన బండినే ముట్టుకుంటాను. ఇంజిన్ వేడి ఉంటే బానెట్ మీద చుక్కలు చూస్తుండగానే ఎండిపోతాయి. సబ్బు పోయాక పైపుకున్న గన్ తీసేసి, ధారను టాప్ మీద నుంచి మెల్లగా వదిలాను. గన్‌తో చిమ్మితే ఎక్కడ పడితే అక్కడ చుక్కలే. ధారగా వదిలితే నీళ్లు ఒకదాన్నొకటి లాక్కుంటూ జారిపోతాయి, తుడిచే పని సగానికి తగ్గుతుంది.

ఆ తర్వాతది నాకు బాగా ఇష్టమైన భాగం. బెడ్‌రూమ్ ఏసీ పైపు కింద రాత్రి బకెట్ పెట్టి ఉంచాను. గాలిలో తేమ పెరిగింది కదా, పొద్దున్నకు నిండింది. గదిలో గాలిలోని తేమే చల్లటి కాయిల్ మీద నీరై కారుతుంది. నేలను తాకని నీరు కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. మీటర్ 20 కూడా దాటలేదు. కాయిల్ మీది దుమ్ము రాకుండా పలచటి గుడ్డలో వడగట్టి, చెంబుతో టాప్ నుంచి కిందికి పోశాను. ఇక ఎక్కడైనా ఒక చుక్క కంటికి కనపడక ఆరిపోయినా మచ్చ మిగలదు.

మూడో ఫ్లోర్ అంకుల్ పేపర్ కోసం కిందికొచ్చి, "బాబూ, మా ఆర్వో వేస్ట్ వాటర్ డ్రమ్ముడు ఉన్నాయి, వాడుకోకూడదూ?" అన్నారు. నీళ్లు పారబోయకూడదన్న ఆయన పట్టుదల నాకు ఇష్టం. కానీ తాగే నీళ్లలోంచి తీసేసిన లవణాలు చేరేది ఆ డ్రమ్ములోకే. మీటర్ పెట్టి చూపించాను, 1200. బాడీకి వద్దులెండి అంకుల్ అని, చక్రాలకు, మ్యాట్లకు, సెల్లార్ నేలకు అవే తెచ్చి వాడాం.

తుడవడానికి నాన్న తన పాత పంచె తెచ్చాడు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె మంచిదే, గీతలు పడకుండా జరీ అంచు ముందే చింపేశాడు కూడా. కానీ పెద్ద రేకు మీద అది నీళ్లు పీల్చేదానికన్నా నెట్టేదే ఎక్కువ. దానికి మందపాటి మైక్రోఫైబర్ టవలే సరి. టవల్‌ను టాప్ మీద పరిచి రెండు కొనలు పట్టుకుని నా వైపు లాగాను. రుద్దలేదు. టాప్, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపులు, చివర బంపర్లు. వెంటనే పొడి టవల్‌తో ఇంకోసారి. నాన్న తలుపులు తెరిచి రబ్బరు అంచులు, డిక్కీ గాడి, పెట్రోల్ మూత లోపల పంచెతో తుడిచాడు. అక్కడికి పంచెను మించింది లేదు.

అయినా సైడ్ మిర్రర్ల లోపల, నంబర్ ప్లేట్ వెనక నీళ్లు దాక్కుంటాయి. "ఓసారి తిప్పుకురారా" అన్నాడు. పాల ప్యాకెట్లకు కారులోనే వెళ్లొచ్చాను. బ్రేకులు కూడా ఆరాయి, లేకపోతే డిస్కుల మీద రాత్రికి రాత్రే తుప్పు పొర వస్తుంది. అనుకున్నట్టే మిర్రర్ల కింద రెండు ధారలు కారాయి, తుడిచేశాను.

మొన్న పై ట్యాంకు పొంగి వెనకద్దం మీద పడ్డ పాత మచ్చలకు వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి, గుడ్డ తడిపి ఒక నిమిషం అంటించి ఉంచాను. ఆ పులుపుకి సున్నం కరుగుతుంది. తర్వాత మంచి నీళ్లతో కడిగేయాలి, అలా వదిలేయకూడదు. ఇవే మచ్చలు పెయింట్ మీద వారాల తరబడి ఎండకు ఎండితే పై పొరను తినేస్తాయి, అప్పుడిక పాలిష్ పట్టించాల్సిందే.

టవళ్లను విడిగా ఉతికాను. నూలు బట్టలతో కలిపితే పీచు పట్టుకుంటుంది, బట్టలు మెత్తబడటానికి వేసే సువాసన లిక్విడ్ వేస్తే పోగులకు జిడ్డు పట్టి నీళ్లు పీల్చడం మానేస్తాయి.

మిగిలిన ఏసీ నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోద్దామా అన్నాడు నాన్న. వద్దన్నాను, కాయిల్ మీది దుమ్ము, లోహం కొంచెమైనా కలుస్తాయి, దానికి డిస్టిల్డ్ వాటరే పోయాలి. అయితే అని, ఆ చెంబుడు నీళ్లతో ముందద్దం లోపలి వైపు తుడవడానికి కూర్చున్నాడు. రేపు భువనగిరి దగ్గరికి వెళ్లేసరికి సూర్యుడు సరిగ్గా ఎదురుగా ఉంటాడు, అద్దం మీద చారలుంటే రోడ్డే కనపడదు.