తమ్ముడికి చాసుబుల్ కుట్టాను

ఇరవై ఏళ్లుగా కడపలో జాకెట్లు కుడుతున్నాను. ఆ ధీమాతోనే తమ్ముడు కతోలిక గురువు (ఫాదర్) అయ్యే గురుపట్టాభిషేకానికి చాసుబుల్ నేనే కుడతానని మాట ఇచ్చేశాను. పూజలో (మాస్‌లో) గురువులు అన్నిటికంటే పైన వేసుకునే వెడల్పాటి వస్త్రం అది. మెడకు రంధ్రం పెట్టిన దుప్పటే కదా అనుకున్నాను. ఆ మాట బయటికి అనలేదు, నయం.

రంగు గురించి ఆలోచించే పని లేదు. ఈస్టరు కాలం, పైగా పట్టాభిషేకం, తెలుపే. ప్రొద్దుటూరు వెళ్లి మీగడరంగు పట్టు తెచ్చాను. గుడ్డ పన్నా 44 అంగుళాలు. చేతులు చాపితే మణికట్టు దాకా రావాలంటే 58 అయినా కావాలి. మా విచారణ (పారిష్) గుడిలో ఉన్న పాత చాసుబుల్ తిరగేసి చూస్తే గుట్టు తెలిసింది. నడిమధ్య నిలువుగా దిగే జరీ పట్టీ అలంకారమని ఇన్నాళ్లూ అనుకున్నాను. దాని కింద అతుకు ఉంది!

ముందు పాత చీర కత్తిరించి కుట్టి చూశాను. తమ్ముడు నిలబడితే ముచ్చటగా ఉంది. "పూజలో లాగా చేతులు చాపరా" అన్నాను. భుజాలు బిగుసుకున్నాయి, మెడ వెనక్కి జారి గొంతు పట్టింది. అలవాటు కొద్దీ భుజం వాలు జాకెట్టుకు పెట్టినట్టే పెట్టాను మరి. వాలు తగ్గించి, ముందు మెడ అంగుళం దించాను. కొట్లో దొరికేవాటికి లోపల సాటిన్ లైనింగ్ ఉంటుంది. కడప మే ఎండలో, లోపల ఆల్బ్ (పాదాల దాకా ఉండే తెల్ల అంగీ) కూడా వేసుకునే మనిషికి అది శిక్షే. భుజాల దగ్గర మాత్రం మల్లు గుడ్డ వేసి ఊరుకున్నాను.

1969లో రోమ్ మన దేశంలో పూజకు 12 మార్పులు ఒప్పుకుంది. సాదా అంగీ, అంగవస్త్రం చాలన్నది అందులో ఒకటి. "అది వేసుకోకూడదా?" అని విసుక్కున్నాను. "వేసుకోవచ్చు అక్కా, కానీ అమ్మకు ఇదే కావాలి" అన్నాడు.

పట్టాభిషేకం రోజు మరియాపురం గుడిలో, డీకన్‌గా (గురువు కావడానికి ముందు మెట్టు) ఎడమ భుజం మీదుగా ఏటవాలుగా వేసుకున్న స్టోల్‌ను (పొడవాటి పట్టీ) మెడ చుట్టూ తిప్పి నిలువుగా సర్దారు. పైన నా చాసుబుల్ తొడిగారు. వెంటనే బిషప్ గారు అరచేతులకు తైలం పూశారు. పట్టు మీద నూనె పడితే ఇక అంతే! ఊపిరి బిగబట్టాను. ఆ తర్వాత వాడు చేతులు చాపినప్పుడు అందరూ పాడుతుంటే, నేను మెడ వైపే చూస్తున్నాను. జారలేదు.

జూన్‌లో ఫోను చేశాడు. ఈస్టరు కాలాన్ని ముగించే పెంతెకోస్తు పండుగ అయిపోయింది, ఇక నెలల తరబడి పూజకు ఆకుపచ్చ చాసుబులేనట. "అక్కా, అది ఎప్పుడు కుడతావు?"

పెద్ద పన్నా గుడ్డ దొరికితేనే అన్నాను.